చేతిలోని పటము, కాలిక్రింది వీథి

2020వ సంవత్సరారంభమున సైమన్ వెకర్ట్ అను జర్మను కళాకారుడు ఒక వింత దృశ్యమును చిత్రించి ప్రకటించెను. అతడు 99 సెల్‌ఫోనులను చిన్న చేతిబండిలో పోసికొని, బెర్లిను వీథులలో మెల్లగా లాగికొని పోయెను. వీథి ఇంచుమించు నిర్మానుష్యము. గూగుల్ పటము మాత్రము ఆ వీథికి ఎఱ్ఱరంగు పులిమి, అచట వాహనములు క్రిక్కిఱిసి నిలిచిపోయినవని చాటెను. ఇన్ని ఫోనులు నత్తనడక నడచుచున్నచో అచట అన్ని వాహనములు చిక్కుకొనియుండవలెనని యంత్రము ఊహించినది. ఆ పటమును నమ్మినవారు వేఱు దారి పట్టుదురు గదా!

ఇది గారడీవంటి వినోదమే యైనను దీని వెనుక నొక ప్రశ్న కలదు. నగరమున మనుష్యుడు నడచు దారిని నిర్ణయించునది ఎవరు? డెబ్బది సంవత్సరముల క్రిందట పారిస్ నగరమున కొందఱు యువకులు ఈ ప్రశ్ననే మఱియొక రూపమున అడిగిరి. వారిలో ముఖ్యుడు గీ దెబోర్. పరిసరములు మనుష్యుని భావములపైనను నడవడిపైనను ఎట్టి ప్రభావమును చూపుచున్నవో పరిశీలించుటకు 1955లో అతడు ప్రకటించిన వ్యాసమున 'సైకోజాగ్రఫీ' అను పేరు కనిపించును. తెలుగున దానిని మనోభూగోళ శాస్త్రమనవచ్చును. లండను పటమును చేతబట్టుకొని, అది చెప్పినట్లే జర్మనీలోని హార్జ్ ప్రాంతమున తిరిగివచ్చిన యొక మిత్రుని సంగతిని దెబోర్ అందు ముచ్చటించినాడు. పటమునకు దాసోహమనుటను ఇంతకంటె చక్కగా ఎవరు వెక్కిరింపగలరు?

మఱుసటి యేడు అతడు 'దెరీవ్' అను నడకను గూర్చి వ్రాసెను. ప్రవాహమున పడవ కొట్టుకొనిపోవునట్లు, పనిపాటలు ప్రక్కనబెట్టి, వీథుల ఆకర్షణకు లొంగి నడచుట దాని లక్షణము. ఆ వ్యాసమున నొక విద్యార్థిని ప్రసక్తి వచ్చును. షొంబార్ ద లోవ్ అను సమాజశాస్త్రవేత్త 1952లో వెలువరించిన గ్రంథమున, పారిస్ పదునాఱవ వార్డులో నివసించు నామె ఒక సంవత్సరమున తిరిగిన దారులన్నింటిని గీతలుగా చూపినాడు. ఆమె యిల్లు, చదువుకొను విద్యాలయము, పియానో నేర్పు గురువు ఇల్లు: ఈ మూడింటిని కలుపు త్రికోణమే ఆమె సంచారమంతయు. ఒక ప్రాణి బ్రతుకు ఇంత ఇఱుకున పడుట చూచినవారికి ఆగ్రహము కలుగవలెనని దెబోర్ భావము. 1957లో అతడు పారిస్ పటమును 19 ముక్కలుగా కత్తిరించి, ఎఱ్ఱని బాణపు గుర్తులతో కలిపి మఱియొక పటమును కూర్చెను. ఏ పేటనుండి ఏ పేటకు మనసు లాగునో ఆ బాణములు చెప్పును. ఎన్ని మైళ్లో చెప్పవు.

తెలుగు విద్యార్థులకు ఈ తలంపు బొత్తిగా క్రొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన 'క్రీడాభిరామము'లో మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలో తిరుగుచు, కంటబడిన దానినెల్ల ముచ్చటించుకొందురు. శాసనములు పట్టించుకొనని పూటకూళ్ల యింటి సంగతులు అందువలననే నేటికిని మిగిలినవి. ఆ మిత్రులిద్దఱు గమ్యమునకు దగ్గఱ దారి వెదకియుండినచో చదువుటకు ఆ కృతియే ఉండెడిది కాదు.

దగ్గఱ దారి చూపుటయే నేటి పటము పని. అమెరికా ప్రభుత్వము 2000 మే నెలలో జి.పి.యస్. సంకేతములకు పెట్టిన మసకను తొలగించెను. 2005లో గూగుల్ పటములు వెలువడెను. పిదప సెల్‌ఫోను ప్రతి జేబులోను చేరెను. దారి చూపుటతో యంత్రము ఆగలేదు. 2016లో గూగుల్ తన పటములందు 'ఆసక్తికర ప్రాంతముల'ను నారింజ ఛాయతో చూపసాగినది. ఆసక్తికి కొలత యేమి? భోజనశాలలు, పానశాలలు, దుకాణములు ఎచట దట్టముగా నున్నవో అదియే. దెబోర్ కోరిన మనసు పటమును యంత్రము గీసెను గాని, మనసుండవలసిన చోట అంగడి వచ్చి కూర్చున్నది. గ్రంథాలయము వెనుకనున్న నీడసందు, కొనుగోలు శక్తిలేని బీదల పేట ఆ రంగునకు నోచుకొనలేదు. కథకునికి మాత్రము పని యున్నది అచటనే.

ఈ సూచనలు వీథుల స్వభావమునే మార్చివేయుచున్నవి. న్యూయార్కుకు పోవు వంతెన చెంతనున్న లియోనియా అను చిన్న ఊరిలోనికి దారి చూపు యాపులు వేలకొలది కారులను మళ్లించెను. ఆ ఊరివారు 2018 జనవరిలో సుమారు 60 వీథులను రద్దీవేళలందు పరాయి వాహనములకు మూసివేసిరి. రోడ్డు వేసిన మేస్త్రీ లేడు, ఉత్తరువిచ్చిన అధికారి లేడు. ఐనను పిల్లలాడుకొను సందు రాజమార్గమైనది.

ఇంతమాత్రమున పటమును దూషించుట న్యాయము కాదు. భాష రాని యూరిలో దిగిన కూలివానికి, చీకటివేళ ఒంటరిగా పోవు స్త్రీకి అది కొండంత అండ. 2004లో ఇంగ్లండున ఆరంభమైన 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్' పటమును జనులే గీయుచున్నారు. 2010లో హైతీ భూకంపమునకు పిమ్మట సహాయకులకు అది ఎంతయో ఉపకరించినది. అయాన్ సింక్లేర్ అను ఆంగ్ల రచయిత లండను చుట్టునున్న ఎం-25 మోటారు రహదారిని అనుసరించి కాలినడకన తిరిగి, 2002లో ఒక గ్రంథమును ప్రకటించెను. తొందరను మాత్రమే ఎఱిగిన యంత్రము అట్టి నడకను ఎన్నడైన సూచించునా?

పటము నడచువానిని కూడ చూచుచున్నది. అసలు చిక్కు ఇచటనే యున్నది. నాటి విద్యార్థిని త్రికోణమును గీయుటకు శాస్త్రవేత్త శ్రమపడవలసివచ్చెను. నేడు ఆ గీతలు జేబులో తమంత తాము పడుచున్నవి. స్థానచరిత్ర నమోదును ఆపివేసినను గూగుల్ సేవలు కొన్ని దానిని దాచుచున్నవని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టినది. ఆ వివాదమున 40 అమెరికా రాష్ట్రములకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించుటకు 2022లో ఆ సంస్థ ఒప్పుకొనెను. గమ్యము లేక తిరుగువాడు పూర్వము ఎవరి లెక్కలోను చేరెడివాడు కాడు. ఇపుడు వాని దిమ్మరితనమును కూడ ఎవరో లెక్క వ్రాసికొనుచున్నారు.

నడచువానిపై నిఘా క్రొత్తది కాదనియు, అది అందఱిపై సమానముగా ఉండదనియు దెబోర్ మిత్రులలో నొకని కథయే చెప్పును. అల్జీరియా దేశస్థుడైన అబ్దెల్‌హఫీద్ ఖతీబ్ 1958లో 'లె హాల్' అను పారిస్ పెద్ద అంగడిని గూర్చి మనోభూగోళ వర్ణనమును వ్రాయ బూనెను. ఆ అంగడికి రాత్రియే పగలు. అల్జీరియా స్వాతంత్ర్య సమరము సాగుచున్న రోజులవి. ఆ సెప్టెంబరునుండి ఉత్తరాఫ్రికావారెవ్వరును రాత్రి తొమ్మిదిన్నర దాటిన పిమ్మట పారిస్ వీథులలో కనబడరాదని పోలీసులు నిషేధించిరి. ఖతీబు రెండు మాఱులు పట్టుబడెను. ఆ కాలమున అతనిని ఆపుటకు పోలీసువాడు వీథి మూలన స్వయముగా నిలువవలసివచ్చెను. నేడు ఫోను విడిచిన జాడ చాలును.

అతని రచన అసంపూర్ణముగనే డిసెంబరులో అచ్చయ్యెను. 1969లో ఆ అంగడి నగరము వెలుపలనున్న రంజీస్‌కు తరలిపోయెను. 1971 మొదలుకొని దాని ఇనుప మంటపములను పడగొట్టిరి. ఖతీబు రాత్రివేళ చూడవలెనని తలచిన వీథులలో కొన్ని నేడు ఏ పటమునందును లేవు.