కారు కబుర్లు: వెనక యాక్సిల్ ఏది?

పాత మస్టాంగ్ కొన్న మన సభ్యులు కొందరు గేర్లు మార్చే సంగతి అడిగారు. సంతోషమే. సెట్టుకు డబ్బు కట్టేముందు ఒకసారి బండి కిందికి దూరి చూడమని మా మనవి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. స్టాండ్లు పెట్టండి, ముందు చక్రాలకు అడ్డాలు వేయండి.

1965 మస్టాంగ్‌లో ఆరు సిలిండర్ల బండికి 7.25 అంగుళాల యాక్సిల్, మామూలు వీ-8కి 8, 271 హార్స్‌పవర్ బండికి 9 అంగుళాలది వేశారు. ఒకదాని గేర్లు మరొకదానికి పట్టవు. వెనక బోల్టులతో బిగించిన మూత ఉంటే అది 7.25. మూత లేక, నట్లు ముందువైపు ఉంటే మిగతా రెంటిలో ఒకటి. అడుగున ఉన్న రెండు నట్లకు సాకెట్ తిన్నగా దిగితే 8, దిగకపోతే 9.

నిష్పత్తి తెలిపే రేకుబిళ్ళ ఉంటుంది గాని, ఇన్నేళ్ళలో లోపల ఎవరు ఏం మార్చారో! మామూలు డిఫరెన్షియల్ అయితే న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రం నేలమీదే ఉండగా లేచిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మూడు చుట్లు తిరిగితే 3.00, మూడున్నర దాటితే 3.55 కావచ్చు.

3.00 నుంచి 3.55కి వెళితే అదే వేగానికి ఇంజను 18 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఊళ్ళో హుషారు, ఫ్రీవేలో హోరు! పిల్లలతో దూరాలు వెళ్ళేవారికి 3.00 చాలునని మా అభిప్రాయం. మార్చినవారు స్పీడోమీటరును నడిపే చిన్న గేరునూ మార్చుకోవాలి. లేకుంటే ముల్లు అసలు వేగంకంటె ఎక్కువ చూపుతుంది.