వాద్యబృందము మెప్పు

హిప్-హాప్ పేరు చెప్పగానే మాబోటి పెద్దలు కొందరు చెవులు మూసికొందురు. ఆ పాటనే ఫిడేళ్లతోడను బాకాలతోడను వాయించినచో, "ఇప్పు డిది సంగీత మైన"దందురు. ఈ మెప్పును మే మంగీకరింపజాలము.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జె డిల్లా యను నతడుండెను. 2006లో, 32 ఏండ్లకే, గతించెను. పాత గ్రామఫోను రికార్డులలోని తునుకలను గ్రహించి, ఎం.పి.సి. యను యంత్రముపై వ్రేళ్లతో తట్టి క్రొత్త కూర్పులు చేయుట ఆయన విద్య. యంత్రము గదా, తాళము గడియారమువలె నడచు నని తలంతుము. అట్లు గాదు. ఆయన దెబ్బలను ఒకింత ముందునకో వెనుకకో జరుపగా, ఆ తాళము బరువు మోయువాని నడకవలె తూగును.

2009లో లాస్ ఏంజెలెస్‌లో మిగుయెల్ ఆట్‌వుడ్-ఫెర్గూసన్ అను విద్వాంసుడు ఆ కూర్పులను వాద్యబృందముచే వాయింపించి, డిల్లా తల్లి ముద్దుపేర "సూట్ ఫర్ మా డ్యూక్స్" అని పేరిడెను. స్వరమును కాగితముపై వ్రాయవచ్చును. ఆ తూగును వ్రాయుట కష్టము. (పిల్లలకు కోలాటము నేర్పినవా రెరుగుదురు.) కావున నచ్చట పరీక్షకు నిలిచినది డిల్లా కాదు, వాద్యకారులే.

2015లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున నృత్యశాలల ఎలక్ట్రానిక్ పాటలను హెరిటేజ్ ఆర్కెస్ట్రా వాయించినది. ఇట్టి కచేరీలు మాకు సమ్మతమే. అయితే తూగును విడిచి తీపిని మాత్రము పెంచునేని, మేము మూల రికార్డునే కోరుదుము.

డిల్లా వాడిన యంత్రము వాషింగ్టనులోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియమునకు చేరినది. దానిని ఫిడేలు ప్రక్కన నిలుపుటకు మాకు సందేహము లేదు.