‘ఎక్స్-షోరూమ్, ఢిల్లీ’

కొత్త కారు ఏదైనా విపణిలోకి వచ్చిన మర్నాడు తెలుగు పత్రికల వాణిజ్య పుటలో దాని ధర పక్కన ‘ఎక్స్-షోరూమ్, ఢిల్లీ’ అన్న ముక్క కనిపిస్తుంది. వరంగల్లులోనో విజయవాడలోనో అది చదివిన పాఠకుడు, రాజధానిలో వున్నవారు ఆ ధరకే కారు ఇంటికి తీసుకుపోతున్నారని భావించవచ్చు. పాతికేళ్లుగా ఈ నగరంలో వుంటున్నాను; ఆ ధరకు కారు ఇంటికి తెచ్చుకున్న వారిని ఒక్కరినీ ఎరుగను. చట్టమే అందుకు ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, బీమా లేని బండి రోడ్డెక్కరాదు. పెద్ద అక్షరాలతో అచ్చయ్యే ఆ అంకె, కొన్న కారును దుకాణంలోనే వదలివచ్చే వారికి మాత్రమే వర్తిస్తుందన్నమాట.

ఆ అంకెలో జి.ఎస్.టి. కలిసి వుంటుంది. రాష్ట్రం విధించే వాహన పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా కలిసి వుండవు. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి వున్నది. ఇవన్నీ సక్రమమైన వసూళ్లే. వీటి చాటున వచ్చి చేరే పద్దులతోనే నాకు పేచీ.

కిందటేడు మా పొరుగున వుండే ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి తోడుగా ఇక్కడి ఒక డీలరు వద్దకు వెళ్లాను. ప్రకటన చూపితే, గుమాస్తా మరో కాగితం చేతికిచ్చాడు. అందులో ‘హ్యాండ్లింగ్ చార్జీలు’, అడగని ఉపకరణాల కట్ట, పొడిగించిన వారంటీ, బయటి కంటే హెచ్చు ధరకు బీమా వున్నాయి. ‘చేత్తో ముట్టుకున్నందుకు కూడా డబ్బేనా అండీ?’ అని మాస్టారు తెలుగులో నన్నడిగారు. బీమా మరొకచోట తీసుకుంటామంటే, రాయితీ రద్దవుతుందని, బండి ఆలస్యమవుతుందని గుమాస్తా మర్యాదగానే సెలవిచ్చాడు. తనకు నచ్చిన బీమా సంస్థను ఎంచుకునే హక్కు కొనుగోలుదారుకున్నదని అతనికి తెలియకపోలేదు.

శాసనాలకు కొదవ లేదు. ఎరచూపే ప్రకటనలను 1984లోనే ఎం.ఆర్.టి.పి. చట్ట సవరణ అక్రమ వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. 2019 చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు జారీచేసింది. ప్రకటనలోని షరతులు ప్రధానాంశం ఏ భాషలో వుంటే ఆ భాషలోనే, అదే అక్షర రూపంలో వుండాలన్నది అందులో ఒకటి. ఇక మన పత్రికల్లోని కార్ల ప్రకటన ఒకటి తీసి చూడండి: ధర తెలుగులో, చుక్క గుర్తు కింది షరతులు చీమతలకాయంత ఇంగ్లీషులో! కొనుగోలు చివరిదాకా ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడాన్ని 2023 మార్గదర్శకాలు తప్పుపట్టాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు. పెద్ద కంపెనీకి ఇది రెండు మూడు కార్ల ఖరీదు.

రాష్ట్రానికొక పన్ను వుండగా ఒకే ధర ఎలా ప్రకటించగలమని పరిశ్రమ వాదన. వాహనాల పన్ను రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో వున్న మాట నిజమే. అయితే ఆస్ట్రేలియా కూడా రాష్ట్రాల సమాఖ్యే. అక్కడా వాహనాల రిజిస్ట్రేషను మీద సుంకం రాష్ట్రాలదే. అయినా తప్పనిసరి వసూళ్లన్నీ కలిపిన మొత్తం ధరను ప్రకటించాలని అక్కడి వినియోగదారుల చట్టం శాసిస్తోంది. మన పత్రికలకు ఊరూరికీ ఎడిషన్లున్నాయి. ఊరి డీలరు పేరు, ఫోను నెంబరు మార్చి ముద్రించగలిగిన కంపెనీకి ఆ ఊరి ధర ముద్రించడం అసాధ్యమా?

సబ్బు బిళ్ల మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర లేకుంటే దుకాణదారుకు జరిమానా. అది ప్యాకెట్లలో అమ్మే సరుకుల నిబంధన. కారు ప్యాకెట్టులో రాదు. ఈ లోటు పూడ్చడానికి పార్లమెంటులో బిల్లు పెట్టనక్కరలేదు. 2019 చట్టంలోని 18వ విభాగం కింద ప్రాధికార సంస్థ ఒక్క మార్గదర్శకం జారీచేస్తే చాలు. అడగవలసిన సభ్యులు ఉభయ సభల్లోనూ వున్నారు. కార్ల ప్రకటనలతో మొదటి పేజీలు నింపుకునే పత్రికలు ఈ మాట ఎందుకు రాయవన్నది మాత్రం పాఠకులు మమ్మల్ని అడగవలసిన ప్రశ్న.