నిద్రపోతున్నారు కదా అని ఊరుకోకండి!

"పాపం, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోతున్నారు. ఎవరూ లేపకండి!" మూడేళ్ల కిందట మా ఇంట్లో ఈ మాట అన్నది ఎవరో కాదు, నేనే.

మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. పాతికేళ్లుగా షుగరు. దాని పుణ్యమా అని కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. పగలంతా మోకాళ్ల నొప్పులు, రాత్రయితే అరికాళ్లలో మంటలు. ఆవిడ మూలుగుతుంటే వినలేక ఒకరోజు దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నొప్పులన్నాం, ఆయన మందు రాశారు. కిడ్నీ రిపోర్టుల ఫైలు ఇంట్లో బీరువాలోనే ఉండిపోయింది. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

పారాసిటమాల్, ట్రమడాల్ కలిసిన బిళ్లలవి. రోజుకు మూడు. "పారాసిటమాలే కదా, జ్వరానికి వేసుకునేదే" అనుకున్నాను. పక్కన ఉన్న రెండో పేరు పట్టించుకోలేదు. మొదటిరోజు నొప్పి తగ్గింది. రెండోరోజు మధ్యాహ్నం కూడా పడుకున్నారు. మూడోరోజు పొద్దున కాఫీకి లేవలేదు. నిద్రలో ఉన్నారని టిఫిన్ పెట్టలేదు గానీ, ఇన్సులిన్ మాత్రం వేళకు వేశాం! పదిన్నరకి పిలిస్తే "ఊఁ" అన్నారే తప్ప కళ్లు తెరవలేదు. చేతులు ఉలిక్కిపడ్డట్టు అదురుతున్నాయి. వేలు పొడిచి చూస్తే షుగరు 52.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఇది నిద్ర కాదమ్మా, మత్తు. కిడ్నీలు బయటికి పంపలేని మందు ఒంట్లో పేరుకుపోయింది. దానికి తోడు షుగరు పడిపోయింది." దేవుడి దయవల్ల నాలుగు రోజులకి కోలుకున్నారు. నేను మాత్రం ఇంకా కోలుకోలేదు. ఆ మూడు రోజులూ చేతికి బిళ్లలు అందించింది నేనే కదా!

అప్పటినుంచి ఈ సంగతి అడిగి అడిగి తెలుసుకున్నాను. ట్రమడాల్, కొడీన్, మార్ఫిన్, టపెంటడాల్... ఇవన్నీ నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందులు. వీటిలో చాలా మందులు ఒంట్లో విరిగాక మిగిలిన పదార్థాలు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. వడగట్టే జల్లెడ మూసుకుపోతే ఏమవుతుంది? నిన్నటి బిళ్ల పోకముందే ఇవాళ్టిది చేరుతుంది, దానిమీద రేపటిది. అందుకే మొదటిరోజు హాయిగా ఉన్న మనిషి మూడోరోజుకి మత్తులోకి జారుకుంటారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి మామూలు ట్రమడాల్ అయినా ఒక మోతాదుకీ ఇంకో మోతాదుకీ 12 గంటల ఎడం ఉండాలట. మార్ఫిన్, కొడీన్ అయితే మరీ ప్రమాదం. మత్తు ముదిరితే ఊపిరే మందగిస్తుంది.

షుగరు సంగతి ఇంకొకటి. కిడ్నీలు బాగున్నప్పుడు ఇన్సులిన్‌ను కూడా అవి కొంత విరగ్గొట్టి తొలగిస్తాయి. అవి చెడితే అదే మోతాదు ఎక్కువసేపు పనిచేస్తుంది. ట్రమడాల్ కూడా కొందరిలో షుగరును పడేస్తుంది. మత్తులో ఉన్న మనిషి అన్నం తినరు. మూడూ కలిస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. అరికాళ్ల మంటలకు రాసే ప్రిగాబలిన్, గాబాపెంటిన్ కూడా కిడ్నీల దారినే పోతాయి. వాటిని ఈ మందులతో కలిపి వాడితే మత్తు రెట్టింపవుతుంది. పైగా నిద్రబిళ్ల అలవాటున్న ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు.

"అయితే ఆ మందులే వద్దు, మామూలు నొప్పిబిళ్లలు వేసుకుంటే పోలా?" అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. మనం షాపులో అడిగి కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి! అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల నొప్పి చూడటం అందరికీ చేతనయ్యే పని కాదు. చాలామందికి ముందు పారాసిటమాల్‌తోనే, అదీ లెక్క ప్రకారం మొదలుపెడతారు. బలమైన మందు తప్పనిసరైతే ఫెంటనిల్, బ్యుప్రెనార్ఫిన్ లాంటివి మార్ఫిన్ కన్నా కిడ్నీ రోగులకు నయమని చెబుతారు. అవి కూడా తెలిసిన డాక్టరు చేతిలోనే.

ఇదంతా చదివి "నొప్పిని ఓర్చుకోవడమే మేలు" అనుకుంటే మాత్రం నేను రాసిందంతా వృథా. ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి ఎవరిచ్చిన బిళ్ల అయినా మింగే స్థితికి వచ్చేది ఎక్కువగా మన ఆడవాళ్లమే. "వయసొచ్చింది, నొప్పులుండవా?" అనే మాట వినని అమ్మ, అత్తగారు ఎవరైనా ఉన్నారా? క్యాన్సర్ నొప్పితో విలవిల్లాడేవాళ్లకి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో మార్ఫిన్ ఇచ్చి ఊరట కలిగిస్తున్నారు. రోగులకు మార్ఫిన్ సులువుగా అందాలని 2014లో చట్టాన్నే సవరించారు. కాబట్టి మందు రాక్షసి కాదు. ఎవరికి, ఎంత, ఎన్ని గంటలకు అన్నది చూడకుండా ఇవ్వడమే తప్పు.

మరి తప్పు ఎవరిది? నా ఉద్దేశంలో మొదటి బాధ్యత రాసేవారిదే. నొప్పి మందు రాసేముందు "షుగరుందా? కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు? క్రియాటినిన్ ఎంత?" అని అడగడానికి అర నిమిషం చాలు. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకునేవాళ్లు మనలో లేరా? ఆ చీటీ రాసిన నాటి కిడ్నీ వేరు, ఇవాళ్టి కిడ్నీ వేరు. ఆ మాట షాపువాళ్లూ చెప్పాలి, మనమూ తెలుసుకోవాలి.

ఇక మన సంగతి. "మా పిన్నిగారికి బాగా పనిచేసిందండీ, రెండు బిళ్లలు తీసుకెళ్లండి" అని గోరింటాకు పంచినట్టు మందులు పంచుకుంటాం. అది ప్రేమే, కాదనను. కానీ ఆ పిన్నిగారి కిడ్నీలు మనకి ఇవ్వలేదు కదా! శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లే అల్లాడాయి కాబట్టి అక్కడ క్రియాటినిన్ అనే మాట ఇంటింటి మాట అయింది. మనకి అంత కష్టం వచ్చేదాకా ఆగాలా? చీటీ కట్టే తేదీ, గ్యాసు నంబరు, పిల్లల ఫీజు గడువు నోటికి వచ్చే మనకి, ఇంట్లో షుగరున్న మనిషి క్రియాటినిన్ ఎంతో ఎందుకు తెలియదు?

ఇప్పుడు మా ఇంట్లో ఒక కాగితం ఉంది. అత్తయ్యగారి జబ్బులు, ఆఖరి క్రియాటినిన్, తేదీ, వాడే మందులన్నీ అందులో రాసిపెట్టాను. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా అది చేతిలో ఉండాల్సిందే. కొత్త నొప్పి మందు మొదలుపెడితే మొదటి వారం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తాం. మాట ముద్దగా వచ్చినా, చేతులు అదిరినా, పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా ముందు షుగరు చూడటం, వెంటనే ఆస్పత్రి. స్పృహ లేని మనిషి నోట్లో పంచదార నీళ్లు పోయకూడదు, పొరమారుతుంది. అలాగని నెలల తరబడి వాడుతున్న మందు భయపడి ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరును అడిగి తగ్గించాలి.

మరో చిన్న విషయం. ఈ మందులతో మలబద్ధకం రావడం మామూలే. మనం వెంటనే అరటిపండు, కొబ్బరినీళ్లు ఇస్తాం. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రోగుల గుండెకు అదే గండం. దానికీ డాక్టరు రాసిన మందే వాడాలి.

అత్తయ్యగారికి నొప్పులు పూర్తిగా పోలేదు. మోతాదు మార్చి ఇచ్చిన మందుతో కాస్త నయంగా ఉన్నారు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తే నేను వెళ్లి "అత్తయ్యగారూ, ఇవాళ ఏ వారం?" అని అడుగుతాను. "నీ తల్లో గుబ్బ! కాసేపు నిద్రపోనివ్వవే!" అని ఒక్క కసురు కసురుతారు.

ఆ కసురు విన్నాకే నేను వంటింట్లోకి వెళతాను.