మొటిమల మందుకు చీటీ, చీటీపై తేదీ

సంపాదకులవారికి,



మా మంగళగిరిలో ఏ మెడికల్ షాపు ముందైనను కాసేపు నిలిచి చూచినచో, ముఖమున మొటిమలు లేచిన కాలేజీ పిల్లలు ఏనాటిదో యొక నలిగిన చీటీని, అదియు లేనిచో ఖాళీ స్ట్రిప్పు ముక్కను చూపి, డాక్సీసైక్లిన్ బిళ్ళలనో అజిత్రోమైసిన్ బిళ్ళలనో కొనిపోవుట కాననగును. అది ఎవ్వరికిని వింతగా తోచకపోవుటయే ఈ లేఖకు హేతువు.

ఈ మందులలో డాక్సీసైక్లిన్ జాతి పుట్టుకలో తెలుగువానికి పాలు గలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండిన కాలముననే, అచటి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. అది వైద్యలోకమునకు వెల్లడియైన 1948వ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. నేటి డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. ఆయన పేరు తలచి గర్వపడు మనమే ఆ మందును కిరాణా సరకువలె వాడుచున్నాము.

మొటిమ కేవలము క్రిములవలన పుట్టు వ్యాధి కాదు. యౌవనమున హార్మోనుల ప్రేరణచే చర్మగ్రంథులు జిడ్డును అధికముగా స్రవింపగా, రోమకూపములు పూడుకొని, చర్మముపై సహజముగా నుండు క్రిములు అందు పెరిగి, వాపును ఎరుపును కలిగించును. యాంటీబయాటిక్ ఆ క్రిములను అణచి వాపును తగ్గించునే గాని, జిడ్డును ఆపదు, పూడికను తీయదు. కావుననే బిళ్ళ మానిన కొలది దినములకు మొటిమలు మరల లేచుటయు, మరల దుకాణమునకు పరుగిడుటయు జరుగుచున్నవి. చర్మవైద్యులు ఒక మోస్తరు నుండి తీవ్రమైన మొటిమలకే ఈ బిళ్ళలిచ్చి, వానితోబాటు బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ వంటి పైపూతలను తప్పక వాడించి, సాధారణముగా మూడు నాలుగు మాసములలో బిళ్ళను మాన్పించి, పూతను మాత్రమే కొనసాగింతురు. ఆ పూతను వాడక బిళ్ళను మాత్రము ఏడాది పొడుగునను మ్రింగువారే మనలో పెక్కురు.

చిత్రమేమనగా, నిజముగా క్రిములవలన వచ్చిన వ్యాధులయెడ మన నడవడి దీనికి తలక్రిందులు. చీముపట్టిన పుండునకో మూత్రవ్యాధికో వైద్యుడు వ్రాసిన మందును, జ్వరము దిగినదే తడవుగా మాని, మిగిలిన బిళ్ళలను బీరువాలో దాచి, మరునెలలో మరియొకరి దగ్గునకు దానము చేయుదుము. సగము పుచ్చుకొని సగము మిగుల్చుట మా కొండమీది పానకాలస్వామికే చెల్లును. ఎన్ని దినములు వాడవలెనో నిర్ణయింపవలసినది వైద్యుడు గాని, జ్వరము కాదు, అద్దమును కాదు.

ముఖమునకని మ్రింగిన మందు ముఖముతో నిలువదు. ప్రేవులలోని క్రిములను సైతము అది తాకును. మందునకు లొంగనివి మిగిలి, పెరిగి, ఇంటిలోని వారికిని సోకవచ్చును. అజిత్రోమైసిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ మిక్కిలి జాగరూకతతో వాడవలసిన వర్గమున చేర్చియున్నది. ఇక డాక్సీసైక్లిన్ వాడువారికి మన కృష్ణాతీరపు ఎండలో చర్మము కమిలిపోవచ్చును. చాలినంత నీరు త్రాగక బిళ్ళ మ్రింగి వెంటనే పరుండినచో అన్నవాహికలో పుండు పడవచ్చును. ఐరన్ మాత్రలతో గాని, కడుపుమంట మందులతో గాని కలిపి మ్రింగినచో దాని గుణము తగ్గును. గర్భవతులకును, పసిపిల్లలకును ఇది తగదు. మొటిమలకే వాడు ఐసోట్రెటినాయిన్‌తో కలిపినచో తలలో ఒత్తిడి పెరుగు ప్రమాదమున్నది. కౌంటరు మీద చిల్లర లెక్కించుకొనుచు ఇవన్నియు ఎవరు చెప్పుదురు?

క్రొత్త చట్టమును నేను కోరుట లేదు. 2014 మార్చి 1 నుండి అమలులోనున్న హెచ్‌1 జాబితా మందులకు దుకాణదారు ప్రత్యేక రిజిస్టరు వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ ఆ జాబితాలోనివి కావు, హెచ్ జాబితాలోనివి. అయినను 1945 నాటి ఔషధ నియమావళి, 65వ నియమమున, వీనికి సైతము స్పష్టమైన కట్టడి చేసినది: వైద్యుడు మరల ఇయ్యవచ్చునని వ్రాసిననే తప్ప ఒక చీటీపై రెండవమారు మందు ఇయ్యరాదు, ఇచ్చినపుడెల్ల వైద్యుని సంతకమునకు పైన దుకాణము పేరు, చిరునామా, తేదీ వేయవలెను. ఈ ఒక్క తేదీ పడినచో ఏడాది నాటి చీటీ ఎందునకును కొరగాదు.

ఆసుపత్రి వరుసలో నిలిచినచో నేతపనివానికి దినకూలి పోవునందురు. ఆ మాట నిజమే, తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని వైద్యుడు మూడు మాసములకును ఒకే చీటీ వ్రాసి, ఎన్నిమారులు ఇయ్యవచ్చునో అందే తెలిపినచో, ఆ నియమమే అందులకు అనుమతించుచున్నది గదా! పైగా మా ఊరనే ఎయిమ్స్ గలదు, అందు చర్మవ్యాధుల విభాగము గలదు. ఒక్కమారు వెళ్ళుట అసాధ్యము కాదు.

కావున ఔషధ నియంత్రణ శాఖవారు మంగళగిరి, తాడేపల్లి, విజయవాడల దుకాణములలో చీటీలపై తేదీ పడుచున్నదో లేదో తనిఖీ చేసి, కనుగొన్నదానిని మీ పత్రికాముఖమున ప్రజలకు తెలుపవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక చదువరి,
మంగళగిరి