ప్రతిపాదనకు బలము

నైజాం రాష్ట్రములో తెలుగు కవులు లేరన్న మాట ఒకప్పుడు వినవచ్చినది. దానికి ఘాటైన ఖండన వ్రాయుట సురవరం ప్రతాపరెడ్డిగారికి కష్టము కాదు. 1926లో తాము స్థాపించిన గోలకొండ పత్రిక చేతిలోనే యున్నది. కాని వారు కవులచేత పద్యములు పంపించుకొని, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. లేరన్నవారి ముందు పేర్లనుంచిరి. వాదింపవలసినది మరి మిగులలేదు.

ప్రతాపరెడ్డిగారు గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో పుట్టినవారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఉపాధ్యాయులు ఈ పాఠమునకై దూరము పోనక్కరలేదు. 2016లో ఈ మూడును వేరు జిల్లాలై కార్యాలయములు దగ్గరికి వచ్చినవి. కాగితములు మాత్రము తగ్గలేదు. అదనపు గదికైనను, ప్రహరీకైనను ప్రతిపాదన వ్రాయవలసినది ప్రధానోపాధ్యాయుడే.

'మా పాఠశాల మిక్కిలి దయనీయ స్థితిలో ఉన్నది' అని వ్రాసినచో, అధికారి బల్లమీద అట్టివి మరి పది యుండును. దయ అందరికిని కావలెను, నిధులు కొందరికే చాలును. ఐదు తరగతులకు రెండే గదులు. అందొకటి వానకు కారును. కొత్త గదికి స్థలము పాఠశాల పేరనే ఉన్నది. ఇంజనీరు అంచనా జతపరచబడినది. ఇట్లు వ్రాసినచో కాదనుటకు కారణమును అధికారియే వెదకుకొనవలెను. నల్లమలలోని చెంచు పెంటనుండి వ్రాయువారు దారిని గూర్చియు చెప్పవలెను. ఇసుక బండి ఎంతవరకు పోగలదో, ఆపైన మోత ఎంతో హైదరాబాదులో చదువువారికి తెలియదు. చెప్పనిచో మంజూరైన డబ్బు చాలదు.

ప్రగతి నివేదికల సంగతి ఇంకను విచిత్రము. 'పనులు పురోగతిలో ఉన్నవి' అను వాక్యము ఏ పనికైనను సరిపోవును. కనుకనే ఏమియు చెప్పదు. పునాది ముగిసినది, ఇసుక రాక నెల పోయినది, కప్పు పడలేదు అని వ్రాయుటకు జంకుదురు. జంకు సహజమే. కాని ఆలస్యమును ఆ నెలలోనే తెలిపినవారు సాయము అడుగవచ్చును. మార్చి చివర నిధులు వెనుకకు పోవునపుడు తెలిపినవారికి సంజాయిషీ తప్పదు.

విద్యార్థులకు ఈ వ్రాత నేర్పుట ఎక్కడ? సెలవుచీటి, మాదిరి లేఖ కంఠస్థము చేయించుటతో సరి. వారిచేత బడిలోని కుళాయిలను, బెంచీలను లెక్కింపజేసి, ఆ లెక్కతో ప్రధానోపాధ్యాయునికి ఒక పుట ప్రతిపాదన వ్రాయింపవచ్చును. ఆయన దానికి సంతకముతో జవాబీయవలెను. మంజూరు చేయలేకున్న, ఎందుకు చేయలేదో అందులో వ్రాయవలెను.