చేతిలో ఉన్నవి పన్నెండు చెంచాలే

ఉదయగిరి అనగానే కొందరికి కొండమీది కోట గుర్తొస్తుంది. మరికొందరికి కొయ్య చెంచాలు, గరిటెలు గుర్తొస్తాయి. దగ్గరి కొండల్లో దొరికే కర్రను చెక్కి, అరగదీసి, నునుపు తేల్చి అక్కడి కుటుంబాలు తయారుచేసే ఈ సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అమెరికాలో ఒక యువతి చెంచాలను వేరే పనికి వాడారు. ఆమె పేరు క్రిస్టీన్ మిసరాండినో. లూపస్ జబ్బు ఉంది. పైకి మామూలుగానే కనిపిస్తారు, లోపల మాత్రం తీరని అలసట. జబ్బుతో రోజు గడవడమంటే ఎలా ఉంటుందని హోటల్లో స్నేహితురాలు అడిగితే, బల్లల మీదున్న చెంచాలన్నీ పోగేసి ఆమె చేతిలో పెట్టారు. మొత్తం పన్నెండు. ఆ రోజుకున్న శక్తంతా అదే. స్నానానికి ఒకటి తీసేశారు, బట్టలు మార్చుకోవడానికి ఒకటి, ప్రయాణానికి ఒకటి. పొద్దు గూకకముందే చేయి దాదాపు ఖాళీ. 2003లో ఆమె రాసిన ఈ సంగతి ప్రపంచమంతా పాకింది. దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్లు ఈనాటికీ తమ శక్తిని చెంచాల్లోనే లెక్కపెట్టుకుంటుంటారు.

ఆ లెక్కను ఒకసారి ఆత్మకూరు బస్టాండుకు తీసుకొద్దాం.

మూడు చెంచాల అప్పు

ఆత్మకూరులో కాపురం, ఉదయగిరి వైపు పల్లెలో ఉద్యోగం. ఇలాంటి టీచర్లు చాలామందే ఉంటారు. వాళ్లలో అలసట జబ్బుతో ఉన్న ఒకరిని ఊహించుకుందాం. తెల్లవారుజామున లేచి వంట చేసి, క్యారియర్లు సర్దేసరికి రెండు చెంచాలు ఖర్చు. బస్సు ప్రయాణానికి రెండు. పగలంతా నిలబడి పాఠాలు చెప్పడానికి నాలుగు. నోటు పుస్తకాలు దిద్ది, రిజిస్టర్లు రాయడానికి ఒకటి. సాయంత్రం బెల్లు కొట్టేసరికి తొమ్మిది అయిపోయాయి. మిగిలినవి మూడు.

అప్పుడు మొదలవుతుంది పదో తరగతి ప్రత్యేక క్లాసు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఇది తప్పనిసరి. కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో అయితే రాత్రి స్టడీ అవర్ కూడా ఉంటుంది. ఆ క్లాసుకు రెండు చెంచాలు పోతే చేతిలో ఉండేది ఒక్కటి. తిరుగు బస్సుకు రెండు, రాత్రి వంటకు రెండు కావాలి. అంటే రోజుకు మూడు చెంచాల అప్పు.

ఆరోగ్యవంతులైతే ఆ అప్పును రాత్రి నిద్రతో తీర్చేస్తారు. జబ్బున్నవారికి అది వడ్డీతో పెరుగుతుంది. శనివారం దాకా ఎలాగో లాక్కొచ్చి ఆదివారమంతా మంచం దిగలేని పరిస్థితి అలా వస్తుంది. 'పొద్దున పోయి సాయంత్రం వచ్చేదానికే ఇంత అలుపా?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. స్టాఫ్ రూములో 'మనందరికీ లేదా అలసట?' అంటారు. ఇది బద్ధకమేమోనని చివరికి ఆ మనిషికే అనుమానం పట్టుకుంటుంది. ఇక డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా పడుతుంది. అసలు నష్టం మొదలయ్యేది ఇక్కడే.

ముందు కారణం తేలాలి

అలసట దానికదే జబ్బు కాదు, చాలా జబ్బులకు అది గుర్తు. రెండు మూడు వారాలు దాటినా విశ్రాంతితో తగ్గని అలసటకు పరీక్ష చేయించుకోవాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, పురుషుల్లో 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. థైరాయిడ్ మందగించడం, షుగరు, బీ12 లోపం, కిడ్నీ జబ్బు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, మానసిక కుంగుబాటు... ఇవన్నీ అలసట రూపంలోనే తలుపు తట్టొచ్చు. సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, విడవని దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పదు.

ఉదయగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ పాతదే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, నడుము బిగుసుకుపోతాయి. నొప్పితో నిలబడి పాఠం చెప్పేవారికి శక్తి రెట్టింపు ఖర్చవుతుంది. బడిలో తాగే నీళ్లు ఎక్కడివో కూడా డాక్టరుకు చెప్పాలి.

కారణం తేలితే సగం చెంచాలు తిరిగొచ్చినట్టే. అయితే మందులకూ వేళలుంటాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. కాఫీ, టిఫిను కనీసం అరగంట ఆగాకే. బస్సు తప్పిపోతుందని మాత్ర, కాఫీ, ఐరన్ బిళ్ల అన్నీ ఒకేసారి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఐరన్, కాల్షియం బిళ్లలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేవగానే థైరాయిడ్ మాత్ర వేసుకుని, స్నానం, వంట అయ్యాక కాఫీ తాగి, ఐరన్‌ను మధ్యాహ్నానికి మార్చుకుంటే చిక్కు తీరుతుంది. మోతాదు కుదిరిందో లేదో ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్షలో తెలుస్తుంది.

షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవారికి సాయంత్రం క్లాసు మరో రకం పరీక్ష. తినే వేళ దాటితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. బ్యాగులో ఎప్పుడూ గ్లూకోజు గానీ చక్కెర గానీ ఉండాలి. క్లాసుకు ముందు ఏం తినాలో డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

ఉన్నదాంట్లో సర్దుకోవడం

కొన్ని జబ్బుల్లో మందులు వాడుతున్నా అలసట పూర్తిగా పోదు. లూపస్, కీళ్లవాతం అలాంటివి. కోవిడ్ తర్వాత కొందరిలో నెలల తరబడి మిగిలిపోయే నీరసమూ అంతే. దీర్ఘకాలిక అలసట జబ్బు అని మరొకటి ఉంది. పని చేసిన వెంటనే గానీ, ఒకటి రెండు రోజులయ్యాక గానీ మనిషి కుప్పకూలడం దాని ముఖ్య లక్షణమని 2015లో అమెరికా వైద్య నిపుణుల సంఘం తేల్చింది. వ్యాయామాన్ని ఒక పట్టిక ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్సను ఈ జబ్బుకు సూచించవద్దని 2021లో బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి. ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడమే వాటి సలహా. 'కాస్త ఓర్చుకుంటే అదే పోతుంది' అన్న మాట ఇక్కడ చెల్లదు.

పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక వారం పాటు చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. ఏ పని చేశాక ఒళ్లు ఎంత అలసింది, మర్నాడు ఎలా ఉందీ అని. ఆ కాగితం డాక్టరుకూ ఉపయోగపడుతుంది, హెడ్మాస్టరు గారితో మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది.

సాయంత్రం క్లాసులో కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఉంటే మంచిది. అది ఉదయానికి ఉంచి, సాయంత్రం స్లిప్ టెస్టులు, పాత ప్రశ్నపత్రాలు పెట్టుకోవచ్చు. కుర్చీలో కూర్చుని చెప్పడంలో చిన్నతనం లేదు. చురుకైన పిల్లలను గుంపులకు నాయకులుగా పెట్టి చదివిస్తే టీచరు గొంతు నిలుస్తుంది, పిల్లలకూ పాఠం పదునెక్కుతుంది. జవాబు పత్రాలు అక్కడే, పిల్లల ముందే దిద్దేస్తే ఇంటికి మోసుకెళ్లే బరువు తప్పుతుంది. బడి వదిలాక, క్లాసు మొదలయ్యేలోపు పావుగంట కళ్లు మూసుకుని కూర్చోవడం కూడా మందు లాంటిదే.

అడగడానికి మొహమాటమెందుకు?

ఈ సర్దుబాట్లలో కొన్నింటికి పైవారి ఒప్పుదల కావాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. జబ్బు సంగతి చెబితే చులకనైపోతామని భయం. నోటితో గొణిగే కన్నా డాక్టరు కాగితం జతచేసి రాసివ్వడం మేలు. 'సాయంత్రం క్లాసు చేయలేను' అని రాస్తే తలుపు మూసుకుపోవచ్చు. 'వారంలో మూడు రోజులు సాయంత్రం, రెండు రోజులు ఉదయం తీసుకుంటాను' అని రాస్తే మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది. తోటి టీచర్లతో వంతులు మార్చుకోవచ్చు.

చట్టం కూడా కొంత అండగా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు పనిలో తగిన సర్దుబాటు కల్పించాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, తలసీమియా, సికిల్ సెల్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. థైరాయిడ్, మామూలు రక్తహీనత లేవు. ప్రభుత్వ టీచర్లకు ఏడాది సర్వీసుకు 20 రోజుల అర్ధవేతన సెలవు జమవుతుంది. వైద్య ధ్రువపత్రం ఉంటే దాన్ని పూర్తి జీతపు సెలవుగా మార్చుకునే వీలూ ఉంది. ఒక రోజుకు రెండు రోజులు ఖాతాలోంచి పోతాయి. ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల ఇలాంటి సెలవుల అండ ఉండదు. అక్కడ పనిచేసేవారికి తోటివారి సాయం, యాజమాన్యంతో ముఖాముఖి మాటే ఎక్కువ ఆధారం.

అన్నిటికన్నా తేలికగా చెంచాలు మిగిలేది ఇంట్లోనే. పరీక్షలయ్యేదాకా రాత్రి వంట మరొకరు చేస్తే రెండు చెంచాలు నిలుస్తాయి. పొద్దుటి కూరగాయలు రాత్రే ఎవరైనా తరిగిపెడితే ఇంకొకటి. పైన తేలిన అప్పు సరిగ్గా మూడు చెంచాలే.

ఒంటిని లెక్కచేయకుండా డిసెంబరు, జనవరి లాగేసి, ఫిబ్రవరి చివర్లో మంచం పట్టిన టీచరు వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. వాళ్లకు కావలసింది పరీక్షకు ముందు రోజు కూడా ఎదురుగా కూర్చుని, అడిగిన సందేహానికి ఓపిగ్గా జవాబు చెప్పగల మనిషి. ఆ ఓపికను డిసెంబరు నుంచే దాచిపెట్టుకోవడం స్వార్థం అనిపించుకోదు. అదీ బడి పనే.